ప్రాజెక్టు టీముకు లక్ష్యాలు: ఏ అంకె పెట్టాలి, ఎవరు లెక్కపెట్టాలి, ఎక్కడ దెబ్బతింటుంది?

రేణిగుంట_కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. రేణిగుంట దగ్గర జీ ప్లస్ 3 హాస్టల్ భవనం పని. టీములో ప్లానింగ్ ఇంజినీరు ఒకరు, సైట్ ఇంజినీర్లు ఇద్దరు, పర్చేజ్, బిల్లింగ్, క్వాలిటీకి ఒక్కొక్కరు. వచ్చే క్వార్టర్‌కి టీము లక్ష్యాలు అంకెల్లో రాయమని ఆఫీసు అడిగింది. ఇప్పుడు షీట్‌లో ఉన్నవి ఇవి: "పని వేగం పెంచాలి", "నాణ్యతలో రాజీ పడకూడదు", "విభాగాల మధ్య సమన్వయం మెరుగుపడాలి", "స్లాబు పని 80 శాతం పూర్తి కావాలి". చివరిదానికి తప్ప దేనికీ అంకె లేదు. మిగతా మూడింటిని ఎలా మార్చాలి? కొత్త సాఫ్ట్‌వేర్ కొనే వీలు లేదు. సైట్‌లో రోజూ రాసే రిజిస్టర్లతోనే సరిపెట్టాలి.

ప్లానింగ్_చిత్తూరు

సార్, ముందు ఆ 80 శాతాన్నే తీసేయండి. నాలుగింటిలో ఎక్కువ తప్పుదారి పట్టించేది అదే. దేంట్లో 80? విస్తీర్ణంలోనా, క్యూబిక్ మీటర్లలోనా, బిల్లు మొత్తంలోనా? షటరింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) అయ్యి కమ్మి కట్టేసిన స్లాబును సైట్ ఇంజినీరు 80 అంటారు. కాంక్రీటు పడనిదే బిల్లింగ్‌వాళ్లు సున్నా అంటారు. ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టే, కాబట్టి మీటింగ్ అంతా ఆ వాదనతోనే గడిచిపోతుంది.

లక్ష్యం రాసేటప్పుడు ఏడు సంగతులు తేలాలి. ఏ పని, ఏ యూనిట్, ఇప్పుడు ఎంత ఉంది, ఎంతకు చేరాలి, ఏ తేదీకి, ఎవరు లెక్కపెడతారు, ఏ కాగితం చూసి లెక్కపెడతారు. చాలా చోట్ల మొదటి ఐదే రాసి వదిలేస్తారు. చేసినవాళ్లే "అయిపోయింది" అని టిక్కు పెట్టుకునే పద్ధతిలో వచ్చే అంకెకు విలువ లేదు. తర్వాత పని చేయాల్సినవాళ్లు "నేను మొదలుపెట్టొచ్చు" అని సంతకం పెడితేనే ముందు పని పూర్తయినట్టు. అంటే షటరింగ్ పూర్తయిందని కమ్మి కట్టే మేస్త్రీ ఒప్పుకోవాలి, కమ్మి పూర్తయిందని క్వాలిటీ ఒప్పుకోవాలి.

"పని వేగం" బదులు నిర్మాణ రంగంలో వారపు మాటల లెక్క బాగా నిలబడింది. లాస్ట్ ప్లానర్ అనే ప్లానింగ్ పద్ధతిలో దీన్ని పీపీసీ (పర్సెంట్ ప్లాన్ కంప్లీట్, అంటే ఇచ్చిన మాటల్లో పూర్తయినవి ఎంత శాతం) అంటారు, 1990లలో గ్లెన్ బల్లార్డ్ వాడుకలోకి తెచ్చారు. లెక్క చాలా సులువు. శనివారం సాయంత్రం మేస్త్రీలు, సైట్ ఇంజినీర్లు కూర్చుని వచ్చే వారం ఏమేం పూర్తి చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పాలి. 20 పనులు చెప్పి 13 పూర్తి చేస్తే 65 శాతం. 90 శాతం అయిన పని సున్నా కిందే లెక్క. ఇక్కడ జాలి చూపిస్తే లెక్క మొత్తం పాడవుతుంది, ఎందుకంటే ఆ మిగిలిన 10 శాతమే తర్వాతి మనిషిని ఆపేస్తుంది.

పూర్తి కాని ప్రతి పనికీ ఒక్కటే కారణం రాయాలి: సామాను రాలేదు, డ్రాయింగ్ లేదు, కూలీలు చాలలేదు, ముందు పని అవలేదు, తనిఖీ ఆలస్యం, వాన, మిషన్ చెడింది, మాటే అతిగా ఇచ్చారు. "ఇతరాలు" అనే గడిలో జాస్తి పడుతుంటే కారణాల జాబితాను మళ్లీ రాసుకోవాల్సిందే.

మొదటి నాలుగు వారాలు టార్గెట్ ఏమీ పెట్టకండి, ఊరికే లెక్కపెట్టండి. ఇప్పుడు ఎంత ఉందో తెలియకుండా 85 అని రాస్తే అది అందే దూరమో కాదో ఎవరికీ తెలియదు.

సైట్_పుత్తూరు

అన్నా, ఇది పెట్టినామంటే రెండు వారాల్లోనే దారి కనిపెట్టేస్తారు. 20 చెప్పేవాళ్లు 8 చెప్తారు, 8కి 8 చేసి నూటికి నూరు చూపిస్తారు. దానికేం చేసేది?

ప్లానింగ్_చిత్తూరు

అది తప్పకుండా జరుగుతుంది అన్నా. అంకెను టార్గెట్ చేసిన రోజు నుంచి జనం పనిని కాకుండా అంకెను చూసుకుంటారని బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన సూత్రం మన సైట్లకూ వర్తిస్తుంది. రెండు పనులు చేయాలి.

ఒకటి, జంట అంకె. పీపీసీ పక్కనే "మాస్టర్ షెడ్యూల్ ప్రకారం ఈ వారం అవ్వాల్సిన కీలక పనులు ఎన్ని, వాటిలో ఎన్నిటికి మాట ఇచ్చారు" అని రాయండి. కీలక పనులు 6 ఉంటే 2కే మాట ఇచ్చి పీపీసీ 100 చూపిస్తే, ఆ 100 పక్కన "6కి 2" అని కనిపిస్తుంది. వారం తర్వాత వారం నూరు వస్తోందంటే మాటలు తక్కువ ఇస్తున్నారనే అర్థం.

రెండోది, ఈ అంకెను బోనస్‌కీ ఇంక్రిమెంట్‌కీ ముడిపెట్టకూడదు. ముడిపెట్టిన మరుసటి వారం నుంచే కారణాల గడిలో నిజం రాయడం ఆగిపోతుంది. మనకు శాతం కంటే ఆ కారణాలే ముఖ్యం.

బిల్లింగ్_పద్దు

పీపీసీతో వారం సంగతి తెలుస్తుంది. ప్రాజెక్టు మొత్తం ఎటు పోతోందో తెలియాలంటే ఎర్న్‌డ్ వాల్యూ లెక్క (పూర్తయిన పని విలువను ప్లాన్‌తోనూ ఖర్చుతోనూ పోల్చడం) తప్పదు. ఎక్సెల్ చాలు.

ఉదాహరణకు స్ట్రక్చర్ పని బడ్జెట్ 80 లక్షలు అనుకుందాం. నాలుగో నెలాఖరుకు ప్లాన్ ప్రకారం 32 లక్షల పని అవ్వాలి. నిజంగా పూర్తయిన పని విలువ, బడ్జెట్ రేట్ల ప్రకారం, 28 లక్షలు. దానికి పెట్టిన ఖర్చు 31 లక్షలు.

షెడ్యూల్ సూచిక 28/32, అంటే 0.875. ఖర్చు సూచిక 28/31, అంటే సుమారు 0.90. ఇదే తీరున పోతే మొత్తం ఖర్చు 80 × 31/28, సుమారు 88.6 లక్షలకు తేలుతుంది. ఈ 8.6 లక్షల సంగతి నాలుగో నెలలో తెలిస్తే ఏదైనా చేయొచ్చు.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, మొదటిది, సైట్‌కు దిగిన స్టీలును పూర్తయిన పని కింద రాయడం. స్టీలు దిగిన నెలలో సూచిక ఎగిరిపోతుంది, తర్వాత రెండు నెలలు పడిపోతుంది. కాబట్టి స్లాబుకు ముందే వాటాలు రాసుకోవాలి. షటరింగ్ చెక్ అయితే 25, కమ్మి చెక్ అయితే 35, కాంక్రీటు పడితే 30, క్యూరింగ్ ముగిసి 28 రోజుల క్యూబ్ (కాంక్రీటు బలం చూసే పరీక్ష ముక్క) ఫలితం వస్తే 10 అనుకోండి. మధ్యలో అరకొర మార్కులు ఉండవు. వాటాలు మీ రేట్లను బట్టి మార్చుకోండి, కానీ పని మొదలయ్యాక మార్చకండి.

రెండోది, బిల్లు రాని ఖర్చు. మెటీరియల్ వాడేశారు, సప్లయర్ బిల్లు మాత్రం వచ్చే నెల వస్తుంది. ఈ నెల ఖర్చు తక్కువ కనబడి సూచిక 1.1 చూపిస్తుంది, అందరూ సంతోషపడతారు. బిల్లును కాదు, స్టోర్ రసీదునూ లేబర్ మస్టర్‌నూ (కూలీల హాజరు పట్టీ) చూసి ఖర్చు రాయాలి.

మూడోది చాలామందికి తట్టదు. పని చివరికొచ్చేసరికి షెడ్యూల్ సూచిక తనంతట తానే 1కి చేరుతుంది, మూడు నెలలు లేటయినా సరే, ఎందుకంటే పని మొత్తం అయిపోతే పూర్తయిన విలువ, ప్లాన్ విలువ సమానం. అందుకే ఆఖరి దశలో దాన్ని నమ్మకుండా, మిగిలిన పనుల సంఖ్యనూ రోజులనూ నేరుగా చూడాలి.

క్వాలిటీ_తిరుచానూరు

"నాణ్యతలో రాజీ పడకూడదు" అన్నదాని గురించి రాస్తాను. దాని బదులు చాలామంది "క్యూబ్ ఫెయిల్యూర్లు సున్నా" అని పెడతారు. నా అభిప్రాయంలో అది రాయకపోవడమే మంచిది. ఫెయిల్ సున్నా కావాలంటే అన్నిటికంటే సులువైన దారి క్యూబులు తక్కువ తీయడం, లేదా మంచి ట్రక్కు నుంచే తీయడం. ముందు "తీయాల్సినవి ఎన్ని, తీసినవి ఎన్ని" అనేది పెట్టాలి. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటుకు 4 శాంపిళ్లు, శాంపిల్‌కు 3 క్యూబులు. అంటే 40 క్యూబిక్ మీటర్ల స్లాబుకు 28 రోజుల పరీక్షకే 12 క్యూబులు. 7 రోజులవి కావాలంటే అవి వేరే. 50 దాటితే ప్రతి అదనపు 50కి, అందులో ఎంత భాగం ఉన్నా, ఇంకో శాంపిల్. పోర్ కార్డు (కాంక్రీటు పోసేటప్పుడు రాసే కాగితం) మీద క్యూబిక్ మీటర్లు ఉంటాయి, క్యూబ్ రిజిస్టర్‌లో నంబర్లు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే లెక్క తేలిపోతుంది.

ఇంకో ఇబ్బంది, 28 రోజుల ఫలితం వచ్చేసరికి పైన ఇంకో స్లాబుకు కమ్మి కడుతుంటారు. వారపు మీటింగ్‌లో చర్చించడానికి అది చాలా ఆలస్యం. వారానికి పనికొచ్చే అంకె "మొదటిసారే పాసైన తనిఖీలు". తనిఖీకి పిలిచిన ప్రతిసారీ నంబరు వేయాలి. 30 పిలుపుల్లో 21 మొదటిసారే పాసైతే 70 శాతం. ఇక్కడ కూడా ఒక కిటుకు జరుగుతుంది. "ఊరికే ఒకసారి చూసిపోండి మేడం" అని నోటిమాటగా పిలిచి, తప్పులు సరిచేసుకొని, తర్వాత కాగితం ఇస్తారు. నోటిమాట తనిఖీలు ఉండవని ముందే చెప్పేయాలి. కవర్ బ్లాకులు, ల్యాప్ పొడవు, కాలమ్ దగ్గర రింగుల దూరం, ఈ మూడింట్లోనే తిరస్కరణలు ఎక్కువ. ఏ మేస్త్రీ బ్యాచ్‌లో ఏది తప్పుతోందో రాస్తే, ఆ బ్యాచ్‌కు అదే నేర్పించొచ్చు.

స్నాగ్ లిస్టుకు (సరిచేయాల్సిన లోపాల జాబితా) సగటు రోజులు పెట్టకండి. చిన్నచిన్న పెయింట్ మరకలు రోజులోనే మూసేసి సగటు తగ్గిస్తారు, బాత్‌రూమ్ లీకు మాత్రం 60 రోజులు అట్లాగే ఉంటుంది. "తెరిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఎన్ని రోజులది" అన్న ఒక్క ప్రశ్న చాలు.

గుజ్జు_లైన్_మెయింటెనెన్స్

మా వైపు నుంచి కొంచెం వేరే కోణం. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఏటా సీజన్ ముందు ఓవర్‌హాల్ ప్రాజెక్టు ఉంటుంది. ఇక్కడ తేదీ మన చేతిలో లేదు. కాయ దిగడం మొదలైతే ట్రాక్టర్లు గేటు ముందుకొస్తాయి, రైతుకు ఒక్కరోజు ఆగినా నష్టమే. అందుకే మేం "ఎంత పూర్తయింది" అని అడగం. "ఎంత వెసులుబాటు మిగిలింది" అని అడుగుతాం.

ప్రతి పనికీ విడిగా నాలుగు రోజులు ఎక్కువ రాసుకోకుండా, ఆ ఎక్కువ రోజులన్నీ తీసి చివర్లో ఒకే కుప్పగా పెట్టాలి. 75 పనిదినాల ప్లాన్‌కు చివర 15 రోజుల వెసులుబాటు అనుకోండి. కీలక పనుల వరుస 50 శాతం అయ్యేసరికి ఆ 15లో 10 రోజులు కరిగిపోతే, 67 శాతం వెసులుబాటు ఖర్చయినట్టు. పనికంటే వెసులుబాటు వేగంగా కరుగుతోంది. ఆ రోజే రెండో షిఫ్టు పెట్టాలి, లేదంటే ఆ ఏటికి తప్పనిసరి కానివాటిని పక్కన పెట్టాలి. గోడల టైల్స్ ఆఫ్ సీజన్‌కు వాయిదా వేయొచ్చు. బాయిలర్ వార్షిక తనిఖీ సర్టిఫికెట్‌ను వాయిదా వేయలేం.

"పూర్తి" అన్నదానికి అర్థం కూడా గట్టిగా రాసుకోవాలి. పంపు బిగించడం పూర్తి కాదు. నీళ్లతో 4 గంటలు ఆగకుండా నడిచి, గ్లాండు (షాఫ్టు చుట్టూ కారకుండా బిగించే భాగం) దగ్గరా జాయింట్ల దగ్గరా చుక్క కారకుండా ఉంటే పూర్తి. పర్చేజ్‌కు "ఆర్డర్ పెట్టాం" అన్నది లక్ష్యంగా ఇవ్వకండి. ఈవాపరేటర్ (గుజ్జులో నీటిని ఆవిరి చేసే యంత్రం) గాస్కెట్, అంటే జాయింట్ల మధ్య కారకుండా పెట్టే సీలు సంగతే చూడండి. ఆర్డర్ సమయానికి పోతుంది, పార్సిల్ సమయానికి వస్తుంది, స్టోర్‌లో రసీదు కూడా పడుతుంది. బిగించే రోజున చూస్తే బోల్టు రంధ్రాలు కలవవు. పార్సిల్ వచ్చిన రోజే విప్పి, పాత గాస్కెట్‌ను బల్ల మీద పరిచి, కొత్తదాన్ని దాని మీద పెట్టి, రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో చూసి, మందం వెర్నియర్‌తో కొలిచి ఫిట్టర్ సంతకం పెట్టాలి. ఆ సంతకం తేదీనే పర్చేజ్ లక్ష్యం.

స్టోర్స్_పీలేరు

ఇది నూటికి నూరు కరెక్టు సార్. పర్చేజ్ మీద "రేటులో 5 శాతం తగ్గించాలి" అని ఒక లక్ష్యం, సైట్ మీద "తేదీ తప్పకూడదు" అని ఇంకొకటి పెడితే ఇద్దరూ ఒకరితో ఒకరు పోట్లాడుకోవాల్సిందే. తక్కువ రేటు సప్లయర్ 10 రోజులు లేటుగా ఇస్తాడు, పర్చేజ్ పాసు, సైట్ ఫెయిలు.

కోడ్_కరకంబాడి

సాఫ్ట్‌వేర్ టీములవాళ్లు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నా. స్టోరీ పాయింట్లను (పని ఎంత పెద్దదో టీము అంచనాగా ఇచ్చే మార్కులు) లక్ష్యంగా పెట్టకండి, రెండు టీముల మధ్య అసలే పోల్చకండి. పాయింటు ఎంత పెద్దదో టీమే నిర్ణయించుకుంటుంది కాబట్టి, అంకె పెంచమంటే పాయింటును చిన్నది చేస్తారు. రోజులు కొలవండి: పని చేతిలోకి తీసుకున్న తేదీ, వాడేవాళ్ల చేతికి చేరిన తేదీ.

లిటిల్స్ లా (తెరిచిన పనులను ముగిసే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు సమయం) ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. చేతిలో 24 పనులు తెరిచి ఉండి వారానికి 6 ముగుస్తుంటే, ఒక్కో పనికి సగటున 4 వారాలు పడుతోంది. ముగిసే వేగం అంతే ఉండి, తెరిచిన పనులు 12కి తగ్గితే 2 వారాలు. కొత్త మనుషులు అక్కర్లేదు, కొత్త పని మొదలుపెట్టకుండా ఆగితే చాలు. లక్ష్యం సగటు మీద కాకుండా "100 పనుల్లో 85 ఎన్ని రోజుల్లోపు ముగుస్తున్నాయి" అని పెట్టండి. కస్టమర్‌కు తేదీ చెప్పేటప్పుడు వాడాల్సింది ఆ అంకెనే. పక్కన జంటగా, రిలీజ్ చేసినవాటిలో ఎన్నిటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందో రాయాలి. లేకపోతే తొందరలో పగిలిన కోడ్ బయటికి పోతుంది.

సివిల్‌లో కూడా ఇదే వర్తిస్తుందనుకుంటా. మూడు అంతస్తుల్లో ప్లాస్టరింగ్ ఒకేసారి తెరిచి ఏదీ ముగించకపోవడం లాంటిదే కదా.

సైట్_పుత్తూరు

అచ్చం అదే. తెరిచిన గదులు, ముగిసిన గదులు బోర్డు మీద రాస్తే కంటికి కనపడతాది.

రేణిగుంట_కోఆర్డినేటర్

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చూసి ఒక డ్రాఫ్టు రాశాను, తప్పులు చెప్పండి.

1. వారపు మాటల్లో పూర్తయినవి 80 శాతానికి చేరాలి.
2. తనిఖీలు మొదటిసారే పాసయ్యేవి 90 శాతం.
3. కీలక సామాను సైట్‌కు కావాల్సిన తేదీకి 7 రోజుల ముందు సరిచూసి సంతకం కావాలి. పర్చేజ్, సైట్ ఇద్దరికీ ఉమ్మడి లక్ష్యం.
4. ప్రమాదాలు సున్నా.
5. ఆర్‌ఎఫ్‌ఐలకు (డ్రాయింగ్, వివరాల మీద రాసి పంపే ప్రశ్నలు) 48 గంటల్లో జవాబు.
6. ఖర్చు సూచిక 1కి తగ్గకూడదు.
7. రోజువారీ రిపోర్టు సాయంత్రం 7 లోపు.

ప్లానింగ్_చిత్తూరు

3 చాలా బాగుంది, "సమన్వయం" అన్న మాటకు అసలు రూపం అదే. మిగతావాటి గురించి చెప్తాను సార్.

1, 2లలో ఇప్పుడు ఎంతుందో లేదు. నాలుగు వారాల లెక్క వచ్చేదాకా లక్ష్యం గడి ఖాళీగా ఉంచండి. ఇప్పుడు 52 ఉంటే క్వార్టర్‌లో 65 మంచి లక్ష్యం. నేరుగా 80 రాస్తే రెండో నెలలో అందరూ దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

5లో జవాబు ఎవరివ్వాలి? ఆర్కిటెక్ట్ ఆఫీసైతే మీ టీము చేతిలో లేని పనిని మీ టీము నెత్తిన పెట్టినట్టు. మీ చేతిలో ఉన్నది "పనికి 3 వారాల ముందే ప్రశ్న పంపడం". దాన్ని కొలవండి.

7 లక్ష్యం కాదు, దినచర్య. తీసేయండి. ఏడు లక్ష్యాలను ఏ టీమూ గుర్తుపెట్టుకోదు. నాలుగు ఉంచండి.

క్వాలిటీ_తిరుచానూరు

4 గురించి నేను గట్టిగా చెప్తాను సార్. ఎవరికీ దెబ్బ తగలకూడదన్న కోరిక సరైనదే. కానీ "ప్రమాదాలు సున్నా" అని బోర్డు మీద రాస్తే, కాలికి మేకు దిగినవాళ్లు కూడా బోర్డు పాడవుతుందని చెప్పకుండా ఇంటికి పోతారు. దానికి బదులు జరగబోయి తప్పిన సంఘటనలు వారానికి ఎన్ని నమోదయ్యాయి, వాటిలో ఎన్ని 48 గంటల్లో సరిచేశారు అని పెట్టండి. పరంజా ట్యాగులు కూడా లెక్కలోకి రావాలి. వాడకంలో ఉన్న పరంజాల్లో ఈ వారం తనిఖీ తేదీ ఉన్న ట్యాగు ఎన్నిటికుంది? మొదటి నెలల్లో నమోదులు పెరిగితే భయపడకండి. చెప్పే ధైర్యం వచ్చిందనడానికి అదే గుర్తు.

బిల్లింగ్_పద్దు

6లో "1కి తగ్గకూడదు" కంటే హద్దులు పెట్టుకోండి. 0.95 కంటే దిగితే కారణం రాయాలి, 0.90 కంటే దిగితే మిగిలిన ఖర్చు మళ్లీ లెక్కకట్టాలి. 1.10 దాటినా కారణం రాయాలి. చాలాసార్లు దాని వెనకాల నమోదు కాని ఖర్చు ఉంటుంది.

గుజ్జు_లైన్_మెయింటెనెన్స్

మీ క్వార్టర్ అక్టోబర్ నుంచి డిసెంబర్ అయితే ఇంకోటి. మనవైపు ఈశాన్య రుతుపవనాల వానలు ఆ మూడు నెలల్లోనే. 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో అందరికీ తెలుసు. లక్ష్యాన్ని మూడు నెలలకూ సమానంగా పంచకండి. పునాదులు, మట్టి పని, బయటి ప్లాస్టరింగ్ ఉంటే నవంబర్‌కు తక్కువ, లోపలి పనులకు ఎక్కువ. జనవరికి వస్తే సంక్రాంతికి కూలీలు ఊళ్లకు పోతారు, తిరిగొచ్చేదాకా మాటలు తక్కువే తీసుకోవాలి. పాత మస్టర్ రోల్ చూస్తే ఆ వారాల్లో ఎంతమంది తగ్గుతారో తెలిసిపోతుంది.

రేణిగుంట_కోఆర్డినేటర్

చివరిగా ఒకటి. వాన వల్ల ఆగిన పనిని పీపీసీ లెక్కలో ఉంచాలా, తీసేయాలా? తీసేయడమే న్యాయమని సైట్ టీము అంటోంది.

ప్లానింగ్_చిత్తూరు

ఉంచండి సార్. కారణం గడిలో "వాన" అని రాయండి, అంతే. తీసేయడం మొదలుపెడితే ఈ వారం వాన, వచ్చే వారం కరెంటు, ఆ తర్వాత లారీ స్ట్రైకు, అన్నీ లెక్కలోంచి జారిపోతాయి. ఈ అంకెతో ఎవరికీ జీతం కోయడం లేదు కాబట్టి ఉంచడంలో అన్యాయమేమీ లేదు. ఇంకో విషయం, శనివారం మాటలు తీసుకునే ముందు వాతావరణ శాఖ సూచన చూడండి. భారీ వాన అని ఉంటే స్లాబుకు కాంక్రీటు పోయడాన్ని మాటగా తీసుకోకండి. ఆ బ్యాచ్‌కు బార్ బెండింగ్ షెడ్డులో కమ్మి కోయడమో, కింది అంతస్తులో ఎలక్ట్రికల్ పైపులకు గోడల్లో గాడులు కొట్టడమో ఇవ్వండి. అట్లాంటి పనులు ఓ అయిదారు ఎప్పుడూ సిద్ధంగా రాసి పెట్టుకోవాలి, వాటికి కావాల్సిన సామాను కూడా ముందే స్టోర్‌లో ఉండాలి.

సైట్_పుత్తూరు

సామాను ఉండాదా లేదా అనేది శుక్రవారమే చూసుకోండన్నా. శనివారం సాయంత్రం చూస్తే ఆదివారం షాపులు ఉండవు.